కడిగిన పెంకు

గాజా పొలిమేర నుంచి జెరూసలేం దాకా ఉన్న సన్యాసులందరినీ పోగుచెయ్యండి. గుహల్లో కూర్చున్నవాళ్ళనీ, స్తంభాలెక్కి నిలబడ్డవాళ్ళనీ, గడ్డి మేసి బతికేవాళ్ళనీ ఎవరినీ వదలకుండా తెచ్చి తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టండి. రెండోవైపు మా అమ్మమ్మ అబ్రామియాని ఒక్కదాన్నే కూర్చోబెట్టండి. విధేయత అనే సరుకులో ఆ సన్యాసులంతా గాల్లోకి లేచిపోతారు. వాళ్ళు లోబడింది తమకు తెలిసిన ఆజ్ఞకి. మా అమ్మమ్మ మాత్రం, అందులో ఏముందో తనకే తెలియని ఆజ్ఞకి తొమ్మిదేళ్ళు లోబడి బతికింది. అలాంటి మనిషిని ఇంకొకరిని చూపిస్తే నా జడ కోసి ఇస్తాను.

ఈ మాట నోటితో అంటే అమ్మమ్మ చేతిలో ఉన్న తడిమట్టి ముద్ద నా మొహాన పడుతుంది. అందుకని రాస్తున్నాను. నాకు చదువు చెప్పింది మా ఊరి చర్చి డీకను రూఫినుసు. కళ్ళు మసకలు కమ్మాక ఆయనకి కీర్తనలు చదివి వినిపించే మనిషి కావలసివచ్చి నాకు అక్షరాలు నేర్పాడు. డెబ్బయ్యో కీర్తన దగ్గర నేను ఆయన గొంతుతో, ఆయన దగ్గుతో సహా చదివానని తరిమేశాడు. కాబట్టి తప్పులుంటే అందులో సగం ఆయన్ని అడగండి.

మా ఊరు కఫర్ జైతా. ఊళ్ళో సగం ఇళ్ళు కుమ్మరులవి. గాజా ద్రాక్షారసం ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది కదా, అది పోసే పొడుగు జాడీలు చేసేది మేమే. జాడీలు చేసేచోట పెంకులకి కరువుండదు. వాగుకి అవతల ఉన్న మఠానికి రాతపెంకులు మా ఇళ్ళనుంచే వెళ్ళేవి.

ఆ మఠంలో గుమ్మం రాళ్ళతో మూసేసిన గది ఒకటి ఉండేది. అందులో ఒక పెద్దాయన. ఆయన పేరేమిటో, ఏ దేశమో ఎవరికీ తెలియదు. అందరూ లోపలయ్య అనేవాళ్ళు. గోడలో రొట్టె పట్టేంత కిటికీ. ఆ కిటికీ దగ్గరికి వెళ్ళేది తెయోనాసు అనే సన్యాసి ఒక్కడే. కష్టం వచ్చినవాళ్ళు పెంకు మీద ప్రశ్న రాయించి పంపితే తెయోనాసు లోపలికి చదివేవాడు, లోపలయ్య చెప్పింది పెంకు రెండోవైపు రాసి తెచ్చి ఇచ్చేవాడు. గాజా నుంచి వర్తకులు, పక్క మఠాల పెద్దలు, పెళ్ళాంతో పడనివాళ్ళు, గాడిద పోయినవాళ్ళు, అందరూ అడిగేవాళ్ళే. జవాబు తీసుకోవడానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. అడిగితే, ఆయన చెప్పింది చేసి తీరాలి. ఒక సంగతికి ఒక్కసారే జవాబు, మళ్ళీ అడిగితే నమ్మకం లేనట్టు. తెయోనాసుకి మాత్రం ఇంకొకటి ఉండేది. తన చేతిలోంచి వెళ్ళిన మాట తన నోట్లోంచి రాకూడదు.

జనం ఇంకో అలవాటు చేసుకున్నారు. జవాబు చదివించుకున్నాక ఆ పెంకుని నీళ్ళలో కడిగి, సిరా కలిసిన ఆ నీళ్ళని రోగులకి తాగించేవాళ్ళు. లోపలయ్యకి ఇది బొత్తిగా ఇష్టం లేదని తెయోనాసు చెబుతూనే ఉండేవాడు. జనం ఆయనకి సరేననేవాళ్ళు, ఇంటికెళ్ళి కడిగేవాళ్ళు.

జాడీలు కాల్చే ఆవం గోడ మీద కూలి మా తాతయ్య చనిపోయినప్పుడు అమ్మమ్మకి ఇరవై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళ కొడుకు ఓబేదు, నాలుగేళ్ళ కూతురు థెక్లా. ఈ థెక్లాయే మా అమ్మ. ఇంట్లో అత్తగారు సోసన్న. ఆవిడ గురించి మంచి చెప్పాలని చాలా వెతికాను. పళ్ళు చివరిదాకా గట్టిగా ఉండేవట.

ఓబేదుకి ఎనిమిదో ఏట జ్వరం వచ్చింది. మూడోరోజుకి ఒళ్ళు పెనంలా కాలుతుంటే అమ్మమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద పడి, వీడు బతికితే మఠానికిచ్చేస్తాను ప్రభూ అంది. అత్తగారు విన్నది. పక్కింటివాళ్ళు విన్నారు. జ్వరం తగ్గింది.

జ్వరం తగ్గిన మర్నాడే అమ్మమ్మకి భయం పట్టుకుంది. ఇంట్లో మగదిక్కు వాడొక్కడే. కుమ్మరి సారె ముందు కూర్చోవడానికి రేపు ఇంకెవరున్నారు. పోనీ ఆ మాట వెనక్కి తీసుకుందామంటే అన్నది ప్రభువుతో. రూఫినుసు దగ్గరికి వెళ్ళి పెంకు మీద రాయించింది. "భయంలో మొక్కాను. విధవని. వీడొక్కడే కొడుకు. మాట నిలబెట్టుకోవాలా, నాకు విడుదల ఉందా?"

పెంకు వెళ్ళింది. వారం గడిచేలోగా జ్వరం తిరగబెట్టింది. ఈసారి పిల్లవాడు కళ్ళు తెరవలేదు. ఊళ్ళోవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి, దేవుడితో బేరమాడితే ఇంతేనమ్మా అని ఓదార్చి వెళ్ళారు. సరిగ్గా అప్పుడు, మిట్టమధ్యాహ్నం, తెయోనాసు వచ్చి గుమ్మంలో పెంకు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది అమ్మమ్మ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. అప్పుడు కూడా జాడీ పిడి అతికిస్తూ, నావైపు చూడకుండా చెప్పింది.

సోసన్న పెంకు అందుకుని, "ఏమే, గిన్నెలో నీళ్ళు తే" అందట.

"ఇంకా చదివించలేదత్తా."

"చదివించేలోగా వీడు పోతాడు. ఆ రూఫినుసు ఎక్కడ చచ్చాడు?"

రూఫినుసు ఎక్కడికీ పోలేదు. మూడు గుమ్మాల అవతల తన అరుగు మీద కూర్చుని పప్పు ఏరుకుంటున్నాడు. అమ్మమ్మ నీళ్ళకి వెళ్ళి వస్తూ చూసింది కూడా.

"గాజా వెళ్ళాడత్తా" అంది.

అని, తనే గిన్నె తెచ్చి, తనే నీళ్ళు పోసి, తనే బొటనవేలితో అక్షరాలు రుద్దింది. నల్లటి నీళ్ళు చెంచాతో పిల్లవాడి పెదాల మధ్య పోసింది. పెంకు తెల్లగా తేలిపోయింది. సాయంత్రానికి ఓబేదుకి చెమట పట్టింది. మర్నాడు అంజూర పండు అడిగాడు.

పిల్లవాడు బతికాడు, జవాబు పోయింది. మా వంశంలో జరిగిన తెలివితక్కువ పనులన్నిట్లోకీ ఇది పెద్దదని నా అభిప్రాయం, మా పెదతాత గాడిదకి బాప్తిస్మం ఇప్పించబోయిన సంగతిని కూడా కలుపుకొని చెబుతున్నాను.

ఊరు ఊరుకుంటుందా. బావి దగ్గర అడిగారు, చర్చి గుమ్మంలో అడిగారు. "ఏమన్నాడమ్మా లోపలయ్య? పంపమన్నాడా, ఉంచుకోమన్నాడా?"

"నాకు చెప్పాల్సింది నాకు చెప్పాడు" అనేది అమ్మమ్మ.

రూఫినుసు మాత్రం నస పెట్టాడు. "ఇంతకీ నీకు ఎవరు చదివిపెట్టారు? నా దగ్గరికి రాలేదే."

"గాజాలో ఒకాయన."

"ఏ ఒకాయన?"

"మీకు తెలీదులెండి, పొడుగ్గా ఉంటాడు."

అప్పటికి అబద్ధాలు రెండయ్యాయి.

గడ్డం రాని పిల్లల్ని మా మఠంలో చేర్చుకోరు. కాబట్టి ఓబేదుకి గడ్డం వచ్చేదాకా ఎవరూ గట్టిగా నిలదీయలేదు. ఆ తొమ్మిదేళ్ళు అమ్మమ్మ చేసిన పని చూడండి. జవాబు ఏదో తెలియదు కాబట్టి రెండింటికీ లోబడింది. పంపమని ఉంటే అని, పిల్లవాడికి మాంసం పెట్టలేదు, బుధవారం శుక్రవారం సాయంత్రం దాకా పస్తు ఉంచింది, రూఫినుసు దగ్గర కీర్తనలు నేర్పించింది. ఉంచుకోమని ఉంటే అని, సారె ముందు కూర్చోబెట్టింది, ఆవం కాల్చడం నేర్పింది, వాగు పక్క కుమ్మరి జేనోను కూతుర్ని కోడలిగా మాటనుకుంది. దాంతో మా మామయ్య పొద్దున సన్యాసి, మధ్యాహ్నం పెళ్ళికొడుకు. పస్తున్న రోజు జేనోను ఇంట్లో విందుకి పిలిస్తే వెళ్ళి కూర్చుని, ముద్ద నోట్లో పెట్టకుండా ఆలివులు లెక్కపెట్టేవాడట. జేనోను పెళ్ళాం, మీ వాడికి మా వంట ఎక్కడం లేదా అని అలిగింది.

అమ్మమ్మ నవ్వించడానికి ఇదంతా చెయ్యలేదు. ఆ తొమ్మిదేళ్ళూ ప్రభురాత్రి భోజనానికి వెళ్ళి ఊరికే వెనక్కి వచ్చేసేదని మా అమ్మ చెప్పింది. అబద్ధం మోస్తూ ప్రభువు రొట్టె ముట్టుకునేది కాదు. ఒంట్లో బాగాలేదనేది. కడిగిన పెంకుని గుడ్డలో చుట్టి ధాన్యం గాదె అడుగున దాచింది. అప్పుడప్పుడు తీసి ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పేది, ఎక్కడైనా ఒక గీత మిగిలిందేమోనని. మిగిలినా ఆవిడకి చదవడం రాదు.

ఓబేదుకి పదిహేడు నిండాయి. గడ్డం వచ్చింది, అదీ కుమ్మరి గడ్డం, దట్టంగా. ఆ పస్కా పండుగ మర్నాడు చర్చి ముందు రూఫినుసు ఒకవైపు నుంచి, జేనోను ఇంకోవైపు నుంచి వచ్చి అమ్మమ్మని నిలబెట్టేశారు.

"గడ్డం వచ్చిందమ్మా" అన్నాడు రూఫినుసు. "లోపలయ్య ఏం రాశాడో ఇప్పుడైనా చెప్పాలి. మొక్కు మొక్కే."

"మా పిల్లకి పదిహేనొచ్చాయి" అన్నాడు జేనోను. "మీ వాడు సన్యాసో అల్లుడో తేల్చి చెప్పమ్మా వదినా. నేను వేరే చోట చూసుకోవాలి."

ఒక్క మాట చాలు. విడుదల ఇచ్చాడు అంటే అయిపోయేది. ఎవరు కాదంటారు. లోపలయ్య బయటికి రాడు, తెయోనాసు నోరు విప్పడు, సోసన్న చనిపోయి నాలుగేళ్ళయింది. మూడో అబద్ధం పెదవుల దాకా వచ్చిందని అమ్మమ్మే చెప్పింది. కానీ అది లోపలయ్య నోట్లో పెట్టే అబద్ధం. నా అబద్ధం నేను మోస్తాను గానీ ఆయన చేత ఆడించనా అనుకుందట.

"రేపు చెబుతాను" అంది.

మర్నాడు తెల్లవారాక పెంకు కొంగులో కట్టుకుని వాగు దాటింది. ఆడవాళ్ళని మఠం గుమ్మం దాటనివ్వరు. గుమ్మం దగ్గర రాతిబల్ల మీద కూర్చుని తెయోనాసుని పిలిపించింది. ఆయన వచ్చి దూరంగా, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ప్రశ్న పెంకు ఇవ్వమ్మా."

"రాయించలేదయ్యా. రాయించడానికి మా ఊళ్ళో వీల్లేని సంగతి. నోటితో చెబుతాను, అలాగే చెప్పండి." చెప్పింది. జ్వరం, మొక్కు, నీళ్ళు, అరుగు మీద పప్పు ఏరుకుంటున్న రూఫినుసు, గాజాలో లేని పొడుగాయన. ఏదీ దాచలేదు. చివర్లో, "అత్త తొందరపడింది నిజమే. కానీ చదివించడానికి మనిషి ఉన్నాడని నాకు తెలుసు. పంపమని ఉంటుందని భయమేసింది. అందుకని కడిగాను" అంది.

తెయోనాసు గోడవైపే తిరిగి అడిగాడట. "తొమ్మిదేళ్ళా?"

"తొమ్మిదేళ్ళు."

"ఒక సంగతికి రెండు జవాబులు ఉండవమ్మా."

"నాకు రెండోది వద్దు. మొదటిదే మళ్ళీ చెప్పమనండి. ఏదైనా సరే, చేస్తాను."

ఆ కడిగిన పెంకే తీసుకుని లోపలికి వెళ్ళాడు. మఠంలో మధ్యాహ్నపు కీర్తనలు మొదలయ్యాయి, అయిపోయాయి. బయట రాతిబల్ల నీడ కాళ్ళ కిందికి వచ్చి మళ్ళీ పక్కకి జరిగింది. ద్వారపాలకుడు ఒక రొట్టె, నాలుగు ఆలివులు తెచ్చి పెట్టాడు. అమ్మమ్మ ముట్టుకోలేదు. తెయోనాసు తిరిగివచ్చి, తడి ఆరని పెంకు బల్ల చివర పెట్టబోయాడు.

"ఈసారి చదివి ఇవ్వండయ్యా" అంది అమ్మమ్మ. "మా ఇంట్లో నీళ్ళున్నాయి."

ఆయన నవ్వు ఆపుకున్నాడో, మరేమిటో, గొంతు సవరించుకుని చదివాడు. "అబ్రామియాకి. నీ భయాన్ని ప్రభువు క్షమించాడు, నువ్వు కూడా క్షమించుకో. అడిగినదానికి నేను జవాబు ఇచ్చాను, మళ్ళీ ఇవ్వను. దాన్ని తాగినవాడు నీ ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి ఎప్పుడైనా అడిగావా?"

"అంతేనా?"

"అంతే."

"పంపాలో వద్దో లేదా?"

"లేదమ్మా."

అమ్మమ్మ లేచి, మూసిన గది ఉన్నవైపు తిరిగి, ఒక మాట అంది. ఆ మాట నేను రాయను. రూఫినుసు నేర్పిన అక్షరాలతో రాసే మాట కాదు.

ఇంటికి వచ్చేసరికి ఓబేదు సారె ముందు ఉన్నాడు. మా అమ్మ మట్టి తొక్కుతోంది. అమ్మమ్మ చేతులు కూడా కడుక్కోకుండా సారె పక్కన చతికిలబడింది.

"ఒరేయ్. నీకేం కావాలిరా?"

"ఆకలేస్తోందమ్మా. ఇవాళ బుధవారమా?"

"అది కాదు. మఠానికి పోతావా, జేనోను కూతుర్ని చేసుకుంటావా?"

ఓబేదు సారె ఆపాడు. తిరుగుతున్న జాడీ పక్కకి వాలిపోయింది. "నన్నా అడుగుతున్నావు?"

"నిన్నే."

"లోపలయ్య చెప్పాడన్నావుగా."

అప్పుడు చెప్పింది కొడుక్కి. వాడికి కోపం వస్తుందనుకుంది. వాడు తన నాలుక చివర వేలితో తాకి, "ఆ నీళ్ళు చేదుగా ఉన్నాయప్పుడు. నాకు గుర్తుంది. మందేమో అనుకున్నాను" అన్నాడు. తర్వాత, వాలిపోయిన జాడీని ముద్ద చేసి పక్కన పెడుతూ, "ఆవం పేర్చి ఉంది. కాల్చి చల్లారాక చెబుతాను" అన్నాడు.

మూడు రోజులు కాల్చారు, నాలుగు రోజులు చల్లార్చారు. ఆ వారం అమ్మమ్మ వాణ్ణి ఒక్క మాట అడగలేదు. చెయ్యి ఖాళీగా ఉంటే అడిగేస్తానేమోనని ఊరందరి గోధుమలూ తిరగలిలో వేసి తనే విసిరింది. ఎనిమిదో రోజు ఓబేదు ఆవంలోంచి ఆఖరి జాడీ దించి, వేలితో తట్టి, మోత విని, పక్కన పెట్టాడు.

"వెళతానమ్మా."

"మొక్కు కోసమైతే వెళ్ళక్కర్లేదు. ఆ పాపమేదో నేను పడతాను."

"మొక్కు కోసం కాదు. చిన్నప్పటి నుంచి నా గురించి అందరూ ఆయన్ని అడిగారు. నాకు అడగాల్సినవి వేరే ఉన్నాయి."

"ఏమిటవి?"

"నీకు చెప్పేవైతే నిన్నే అడుగుదును."

"జేనోను కూతురో?"

"మంచి పిల్ల. అన్నం తినే మొగుణ్ణి చూసుకోనీ."

"మరి సారె?"

"థెక్లాకి నేర్పు. దాని జాడీలు నా వాటికంటే తిన్నగా ఉంటాయి. నువ్వే ఎప్పుడూ చూడలేదు."

పంపింది. పంపే ముందు రూఫినుసునీ జేనోనునీ చర్చి ముందుకి పిలిచి, ఊరందరూ వింటుండగా, పెంకు చదివించకుండా కడిగింది తనేనని చెప్పింది. జేనోను పెళ్ళాం నవ్వలేక కూలబడింది. రూఫినుసు మాత్రం, "పప్పు ఏరుకుంటున్నానా? పిలిస్తే వచ్చేవాణ్ణి కదమ్మా" అని నిజంగా నొచ్చుకున్నాడు. నలభై రోజులు చర్చి గుమ్మం బయట నిలబడమని ప్రాయశ్చిత్తం వేశారు. నిలబడింది. నలభై ఒకటో రోజు రొట్టె తీసుకుంది. మా అమ్మ సారె ఎక్కింది. ఆడది సారె తిప్పితే జాడీలో ద్రాక్షారసం పులుస్తుందన్నారు. అది ఎలాగూ పులవాల్సిందే కదా అంది అమ్మమ్మ.

ఓబేదు మామయ్యని నేను చూడలేదు. మఠం గోడకి ఇవతల అమ్మమ్మ పక్కన కూర్చుని గొంతు మాత్రం విన్నాను. ఏడాదికోసారి, పస్కా తర్వాత. థెక్లా కూతురా, అల్లరిదటగా, అని అడిగేవాడు. అమ్మమ్మ కాదనేది కాదు.

మామయ్య వెళ్ళిన పదకొండో ఏట మహమ్మారి వచ్చింది. ఓడలతో పాటు రేవులోకి వచ్చి, రేవు నుంచి గాజాకి, గాజా నుంచి మా ఊళ్ళకి. మఠంవాళ్ళు తమ సత్రం తలుపులు రోగుల కోసం తీసి పెట్టారు. నీళ్ళు మోసి పోసినవాళ్ళలో ఓబేదు మామయ్య ఉన్నాడు. అయిదో వారం ఆయనకి చంకలో గడ్డ లేచింది. గోడ అవతలే పాతిపెట్టారు. అమ్మమ్మకి కబురు మూడు రోజుల తర్వాత అందింది. కబురు తెచ్చిన సన్యాసిని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఆయన తిన్నాక గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు నేల మీద పడుకుంది. రెండు రోజులు లేవలేదు.

మరుసటి ఏడు లోపలయ్య పోయాడు. రాళ్ళు తీసి చూస్తే చాప, నీళ్ళకుండ తప్ప ఏమీ లేవట. ఆ తర్వాత ఒక పొద్దున తెయోనాసు కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. ఇప్పుడు గోడవైపు తిరగలేదు, అమ్మమ్మని తిన్నగా చూశాడు.

"ఆయన పోయాడు కాబట్టి నా కట్టు విడిపోయిందమ్మా. ఆ మొదటి పెంకు మీద ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. చెప్పమంటే చెబుతాను."

నేను మట్టి తొక్కుతున్నదాన్ని ఆగిపోయాను. మా అమ్మ సారె ఆగిపోయింది.

"వద్దయ్యా" అంది అమ్మమ్మ.

"నాకు బరువుగా ఉందమ్మా."

"మోసుకోండి. నేను మొయ్యలేదూ? రండి, మజ్జిగ తాగి వెళ్ళండి."

ఆయన తాగి వెళ్ళాడు. వాగు దాకా వెంటపడి, నాకైనా చెప్పండని కాళ్ళావేళ్ళా పడ్డాను. కర్రతో ఒకటి వేశాడు, చెప్పలేదు. ఆ ఏడాదే ఆయన కూడా పోయాడు.

ఇదంతా రాసి, నిన్న ఆవం దగ్గర కూర్చుని అమ్మమ్మకి చదివి వినిపించాను. ఎనభై దగ్గరపడుతున్న మనిషి, కట్టెలు సర్దుతూ మొత్తం విన్నది. సోసన్న పళ్ళ దగ్గర ఒకసారి నవ్వింది. మామయ్య దగ్గర కట్టెలు సర్దడం ఆపింది.

"ఎలా ఉంది?" అన్నాను. "పెద్దాయన ఇచ్చిన జవాబుని చివర్లో కాస్త పొగిడి ముగిద్దామనుకుంటున్నాను. ఎంత చక్కటి జవాబు."

"చక్కటిదే" అంది. "వాణ్ణి అడగమన్నాడు, అడిగాను, వాడు పోయాడు. ఆ ముసలాయన మీద నాకింకా కోపం పోలేదు. అది కూడా రాయవే."